గంగాధరం కారుకు డ్రైవరు

మా నాయన అహరోనుకు కార్ల పిచ్చి అని మదనపల్లెలో చాలామంది అనుకునేవారు. పిచ్చీ లేదు, పాడూ లేదు. ఆ వయసులో ఆయనకు కావలసింది ఒక ఇల్లు. ఇరవై ఏళ్లకు పైగా మిషన్ ఆసుపత్రి వ్యాను నడిపాడు. యుద్ధంలో పెట్రోలు దొరక్క, బొగ్గుల గ్యాసుతో బండి నడవడానికి వెనక పొయ్యి కట్టుకుని తిరిగినన్నాళ్లూ ఆ పొగంతా మింగి దగ్గు తెచ్చుకున్నాడు. నలభై ఏడులో, ఇక విశ్రాంతి తీసుకొమ్మని మిషన్ గుడిలో శాలువా కప్పి ప్రార్థన చేశారు. ప్రార్థన బాగానే ఉంది. కానీ డ్రైవరుకిచ్చే ఇంట్లోకి కొత్త డ్రైవరు రావాలి కదా! క్రిస్మసు దాకా ఉండమన్నారు. నేను అదే ఆసుపత్రిలో నర్సును. హాస్టలులో ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె నావి. అమ్మనూ నాయననూ ఆ మంచం కింద పెట్టుకోలేను.

అలాంటప్పుడు పుంగనూరు నుంచి గంగాధరం కబురు పెట్టాడు. ఆయన పెద్ద రైతు. వేరుశనగ, చెరుకు, బెల్లం గానుగలు. ఆయన అత్తగారిది కుప్పం. అక్కడ రైల్వేలో పనిచేసిన ఒక తెల్లదొర సీమకు వెళ్లిపోతూ తన చిన్న కారును ఆయనకు అమ్మేశాడు. పందేలకని చేసిన రకం, పైకప్పు కూడా లేదు. అప్పటికే పాతది, పైగా యుద్ధం జరిగినన్నాళ్లూ రైలు కట్ట పక్క రేకుల షెడ్డులో వానకు తడుస్తూ పడి ఉంది.

"దాన్ని నడిచేటట్ల చెయ్యి అహరోనూ. చేస్తే నువ్వే మాకు డ్రైవరు. గోడౌను పక్కన రెండు గదుల ఇల్లుండాది, నువ్వూ నీ పెండ్లామూ వచ్చి ఉండండి" అన్నాడు గంగాధరం.

నాయన ఈ మాట తెచ్చి చెప్తే మా అమ్మ సంతోషమ్మ వేరే ఏమీ అడగలేదు. "పెరడుండాదా?" అని మాత్రం అడిగింది. ఉందన్నాడు నాయన. ఆ సాయంత్రం ఇద్దరూ చాలా కాలం తర్వాత నవ్వుకుంటూ తిన్నారు.

కుప్పం నుంచి కారును ఎద్దులు లాక్కొచ్చాయి. దారి పొడవునా జనం చూసి, "పుంగనూరు ఆవు మాదిరే పొట్టిగా ఉండాదే!" అని నవ్వారట. ఆ మాటకు గంగాధరానికి కోపం రాలేదు సరికదా, పది మందికి తనే చెప్పుకున్నాడు. నేను సెలవు రోజున వెళ్లి చూశాను. కారు అనడానికి ఒక ఆకారం ఉంది, అంతే. సీట్ల తోలు ఎలుకలు కొట్టేశాయి, చెక్కలు చెదలు తినేశాయి. మా నాయన మొదట సీట్లు ఊడదీసి మదనపల్లెలో జట్కా బండ్లకు సీట్లు కుట్టే మనిషికి పంపాడు. ఆ మహానుభావుడు ఇదిగో అదిగో అంటూ నెలలు గడిపాడు. అన్నాళ్లూ కారు గోడౌనులో ఖాళీ నీళ్లతొట్టిలా పడి ఉంది. గంగాధరం అప్పుడప్పుడూ వచ్చి అందులోకి తొంగి చూసి, "లోపల బాగా విశాలంగా ఉండాదే" అని మురిసిపోయేవాడు.

సోమవారం పొద్దున బస్సులో పుంగనూరు వెళ్లడం, శనివారం సాయంత్రం తిరిగి రావడం, ఆదివారం గుడి. ఇదీ నాయన బతుకు. ఆయన వచ్చేసరికి బట్టల నిండా తుప్పు. స్నానం చేస్తే ఎర్రటి నీళ్లు పోయేవి. తుప్పంటే పైన గీకేస్తే పోయేది కాదు. పాదం మోపితే కారు అడుగు రేకు అప్పడంలా విరిగింది. మంచి ఇనుము తగిలేదాకా కోస్తూ పోవాలి. ఒకచోట జానెడు కోద్దామని మొదలుపెడితే మూరెడు పోయేది. రేకులు కొందామంటే ఆ రోజుల్లో దొరికేవి కావు. పాత నూనె పీపాలు చీల్చి, సుత్తితో సాపు చేసి, వంపులు తెచ్చి, వంటపాత్రలకు మాట్లు వేసే పాపయ్యను పిలిచి ఇద్దరూ కలిసి రివిట్లు కొట్టారు. బోల్టులూ నట్లూ ఒక మూట కట్టి ఇంటికి తెచ్చేవాడు. అమ్మ వాటిని చింతపండు పులుసులో నానబెట్టి, కొబ్బరిపీచుతో తోమి ఇచ్చేది. మా ఇంట్లో రసానికి చింతపండు లేని రోజులుండేవి గానీ, బోల్టులకు లేని రోజు లేదు.

ఇంజను ఇంకో కథ. పిస్టన్లు సిలిండర్లలో పట్టుకుపోయి ఉన్నాయి. కిరసనాయిలూ ఆముదమూ కలిపి పైనుంచి పోస్తూ, రోజూ ఇంజను చక్రం పట్టుకుని ఇటో వెంట్రుక, అటో వెంట్రుక కదిలిస్తూ ఉండేవాడు. బలం చూపితే విరిగిపోతుంది, చూపకపోతే కదలదు. చివరికి అది 'కటిక్' మని ఊడిన రోజు, మూడు దుంగలు నిలబెట్టి గొలుసుతో ఇంజను పైకి లేపి దింపాడు. వాల్వులకు ఇనుము అరగదీసే గరుకు పిండి పూసి, వాటికి బిగించిన పుల్ల అరచేతుల మధ్య పెట్టుకుని, కవ్వం తిప్పినట్టు తిప్పి తిప్పి అరగదీశాడు. చేతులు బొబ్బలెక్కాయి. దగ్గు ఎక్కువైంది. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఈ వయసులో నీకు ఇదంతా యాల నాయనా? వదిలిపెట్టు" అన్నాను ఒకసారి, ఆయన చేతులకు కట్టు కడుతూ.

"వదిలిపెట్టి యాడికి పోదామమ్మా?" అన్నాడు.

  రెండో చెయ్యి చాపాడు.

కార్తీకం వచ్చేసరికి ఇంజను పలికింది. అమ్మ అప్పటికే పుంగనూరు వెళ్లి ఆ రెండు గదులకూ సున్నం కొట్టి, పెరట్లో చిక్కుడు విత్తులు పెట్టి వచ్చింది. సీట్లు కూడా ఎట్టకేలకు వచ్చాయి. నాయన వాటిని బిగించిన మర్నాడే మంచిరోజని గంగాధరం ముహూర్తం పెట్టించాడు. భార్య కృష్ణవేణిని తీసుకుని కుప్పం వెళ్లి అత్తగారి ఊరంతా చూసేలా కారు దిగాలని ఆయన ఆశ. నేను సెలవు పెట్టి వెళ్లాను. ఒక కుటుంబం ఇల్లు సంపాదించుకుంటుంటే చూడాలి కదా.

టెంకాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా నాయన ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని స్టీరింగు ముందు కూర్చుని ఇంజను ఆన్ చేశాడు. ఊరి జనం ఆహా అన్నారు. కృష్ణవేణి పట్టుచీర కట్టుకుని గడపలో నిలబడింది. గంగాధరం ఇవతలి తలుపు తీసి, ఒక కాలు ఎత్తి, అలాగే ఆగిపోయాడు.

అందరమూ అప్పుడే చూశాము. రెండే సీట్లు. వాటి మధ్య వేలు పెట్టే సందు లేదు. మా నాయన భుజం పక్క సీటు అంచు దాకా వచ్చేసింది. ఆయనకు అందులో వింతేమీ కనిపించలేదు పాపం. డ్రైవరుకొకటి, యజమానికొకటి, ఇంకేం కావాలి అనుకున్నాడు. పెద్ద కార్లలో డ్రైవరు ముందు, యజమాని వెనక. ఆ ఏర్పాటుకు అలవాటుపడ్డ గంగాధరం ఈ కారులో వెనక అనేదే లేదని సీట్లు వచ్చేదాకా ఆలోచించనే లేదు.

గంగాధరం చిన్నాన్న వెంకటముని అరుగు మీద నుంచి గట్టిగానే అన్నాడు: "ఏమబ్బా, అత్తగారి ఊర్లోకి వీడితో భుజం రాసుకుంటా పోతావా?"

మా తాత బాప్తిస్మం తీసుకుని మాలపల్లె విడిచి వచ్చి యాభై ఏళ్లు దాటింది. మదనపల్లెలో మేము డ్రైవరు అహరోను వాళ్లం. పుంగనూరులో మాత్రం ఎవరూ ఏమీ మర్చిపోలేదు.

గంగాధరం ఎత్తిన కాలు దించాడు. "వెనక పక్క ఒక సీటు పెట్టేదానికి కాదా అహరోనూ?" అన్నాడు, నెమ్మదిగానే.

"ఆడ పెట్రోలు ట్యాంకు ఉండాదయ్యా."

"సరే, ఆపు. పెట్రోలు దండగ."

కృష్ణవేణి లోపలికి వెళ్లిపోయింది. జనం కాసేపు అటూ ఇటూ చూసి ఎవరి దారిన వాళ్లు పోయారు. మా నాయన ఇంజను ఆపి, దిగి, చక్రాల కింద చితకని నిమ్మకాయలు ఏరి పక్కన వేశాడు. నేను ఏడవలేదు. నాకు కోపం వస్తే ఏడుపు రాదు.

నాలుగు రోజుల తర్వాత గంగాధరం ఉపాయం కనిపెట్టాడు. తనే నడపడం నేర్చుకుంటాడట. నేర్పించేది ఎవరు? మా నాయనే. మరి నేర్పాలంటే పక్కనే కూర్చోవాలి కదా! దానికీ ఉపాయం ఉంది. రెండు సీట్లు కలిసే చోట మందపాటి తువ్వాలు ఒకటి మడతలు పెట్టి నిలబెట్టాడు. అంత వెడల్పు గోడ కట్టాక మైల అంటదని ఎవరు చెప్పారో నాకు తెలియదు.

పలమనేరు దారిలో రోజూ పొద్దున నేర్పేవాడు. క్లచ్చు వదిలే తీరు, మిట్ట ఎక్కేటప్పుడు గేరు మార్చేది, పల్లంలో బ్రేకు మీదనే ఆధారపడకుండా ఇంజనుతోనే వేగం తగ్గించేది, ఇంజను చప్పుడులో తేడా వినేది. ఏదీ దాచుకోలేదు. నేను వెళ్లి, "కొంచెం దాచిపెట్టుకోని నేర్పించు నాయనా. నువ్వు లేకపోతే గడవదని తెలియాల" అని చెవిలో పోరు పెట్టాను. ఆయన మర్నాడు పొద్దున ఇంకో పాఠం చెప్పాడు. మూడు వారాలకు గంగాధరం కృష్ణవేణిని పక్కన కూర్చోబెట్టుకుని కుప్పం వెళ్లి, చీకటి పడకముందే హారను కొట్టుకుంటూ క్షేమంగా తిరిగొచ్చాడు. సంతోషపడి మా నాయనకు కొత్త పంచె పెట్టాడు. ఇంటి సంగతి నాయన అడిగాడు. అడిగే మనిషి కాదు, అమ్మ కోసం అడిగాడు.

"డ్రైవరే లేనప్పుడు డ్రైవరు ఇల్లేంది అహరోనూ? చెనక్కాయ మూటలు వేసుకుంటాము ఆడ" అన్నాడు గంగాధరం. చెడ్డగా అనలేదు. లెక్క ఉన్నది ఉన్నట్టు చెప్పాడంతే.

క్రిస్మసు దాటి నాలుగు రోజులకు మేము ఆసుపత్రి ఇల్లు ఖాళీ చేసి, ఊరి చివర ఒక పూరింటి వసారా చూసుకున్నాము. సామాను దించాక మా నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"అంత బాగా యాల నేర్పించినావు నాయనా?"

"బ్రేకు సరిగ్గా తెలీనోడి పక్కన ఆ యమ్మను కూచోబెట్టి పంపేదానికయితాదా?" అన్నాడు.

చొక్కా విప్పబోయి ఆగిపోయాడు. కుడిచెయ్యి పైకి లేవడం లేదు. ఇంజను ఎత్తినప్పుడు పట్టేసిందేమోనని దగ్గరికి వెళ్లి చూశాను.

"ఇంజను కాదు లేమ్మా. అన్ని దినాలూ ఆయనకు తగలకుండా, ఆ తువ్వాలుకు గూడా తగలకుండా, ఈ భుజం లోపలికి లాక్కోని కూచుంటి. ఇప్పుడు వదులు చేస్తామంటే అది వదలటంలేదు."

అమ్మ ఆముదం వెచ్చచేసి తెచ్చింది. నేను చాలాసేపు రుద్దాను. నర్సును కదా, అలా బిగుసుకుపోయిన కీళ్లు ఎన్నింటినో కదిలించాను. ఆ భుజం మాత్రం ఆయన పోయేదాకా పూర్తిగా తిరగలేదు.