మా చేన్లో వెలసిన నా రాయి

నా చిన్నప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనులు చాలానే ఉన్నాయి కానీ, వాటిలో పెద్దపీట మాత్రం దొరికిన మంచి రాయిని మా పెద్దబాపుకు చూపించడానిదే. చూపించి ఊరుకున్నానా, అది కొట్టంలో ఏ మూల దాచానో కూడా చెప్పాను. మనవలున్న ఈ వయసులో తలచుకున్నా నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

రాళ్ళు ఏరడం నాకు అప్పటి నుంచీ ఉన్న పిచ్చి. బడిలో సారు "రాయిరా" అంటే పలక మీద చూడాల్సింది పోయి జేబులో వెతుక్కునేవాణ్ణి. మాది ఆదిలాబాద్ దిక్కు నల్లరేగడి ఊరు. పైన మట్టి ఎంత మెత్తనో కింద బండ అంత గట్టి. బావి తవ్వాలంటే తోటాలు పేల్చాల్సిందే. పేల్చిన మర్నాడు గడ్డన పోసిన రాళ్ళకుప్పలో నా పండుగ మొదలయ్యేది. చారల చెకుముకి ముక్కలు, మీగడలాంటి తెల్లరాళ్ళు, ఏది దొరికితే అది తెచ్చి కొట్టంలో గోడ వారన పేర్చేవాణ్ణి. "గడ్డి దెమ్మంటే రాళ్ళు దెస్తడు, వీనికి పిల్లనెవలిస్తరే" అని నన్ను కన్న మా అవ్వ తల పట్టుకునేది.

ఒక ఎండాకాలం ఒక బావిలోంచి గుమ్మడికాయంత గుండ్రాయి బయటపడింది. తోటా దెబ్బకు సగం ఊడిపోయి దొప్పలా ఉంది. పైకి చూస్తే బూడిదరంగు మొద్దు. లోపల మాత్రం పలుగురాయి మొనలు కిక్కిరిసి, కొసల్లో వంకాయరంగుతో మెరుస్తున్నాయి. అంతకుముందు ఏ వస్తువూ నాకు అంతగా నాదనిపించలేదు.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. పాలు పంచుకున్నాక ఆయన చేనూ మా చేనూ పక్కపక్కనే. నడుమ తుమ్మచెట్టు కాడ హద్దురాయి. నా రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగున్నదిరా కొడుకా, దేవుని లెక్కనే ఉన్నది" అన్నాడాయన. నేను పొంగిపోయాను. అది మెచ్చుకోలు కాదు, ఆలోచన అని తర్వాత తెలిసింది.

కొద్దిరోజులకే కొట్టంలో రాయి మాయమైంది. ఊరంతా వెతుకుతుంటే, మా చేన్లో పోచమ్మ వెలసిందని కబురొచ్చింది. పరుగెత్తాను. హద్దురాయి లేదు. తుమ్మచెట్టుకు చాలా ఇవతల, మా చేను లోపల, ఒళ్ళంతా పసుపు పూసుకుని, బొట్లు పెట్టుకుని, వేపమండల నడుమ నా రాయి కూర్చుని ఉంది. అమ్మ పెద్దబాపు కలలోకి వచ్చి "మీ అన్నదమ్ముల నడుమ కూసుంట" అన్నదట. ఆమె ఎక్కడ కూర్చుంటే అదే నడుమ అట. అప్పటికే ఆయన నాగలి అమ్మ వీపు దాకా దున్నేసింది.

"గిది నా రాయి!" అని అరిచాను. అవ్వ నా చెంప మీద ఒకటిచ్చి, అమ్మ ముందు గుంజీలు తీయించింది. నేను ఏరుకొచ్చిన రాయికి నా గుంజీలు! పక్కనే పెద్దబాపు కళ్ళు మూసుకుని దండం పెడుతున్నాడు.

బాపేమో "రాయైతే పీకుదు, అమ్మనెట్ల పీకాలెరా?" అన్నాడు, అంతే. ఉన్నదే చిన్న చేను. ఆ సాళ్ళు పోతే ఏడాది పొడుగునా జొన్నరొట్టె ఉండదని ఇంట్లో అందరికీ తెలుసు. నేను కోపంతో నిద్రలో పళ్ళు కొరికేవాణ్ణట. ఆ ఇద్దరన్నదమ్ములనూ కన్న మా బాపమ్మ మాత్రం నా వీపు నిమిరి, "కోపం మంచిదేరా. ఉత్తగ పారబొయ్యకు" అంది.

శ్రావణంలో పెద్దబాపు ఊరందరినీ పిలిచి అమ్మకు బోనాలు చేయించాడు. మా చేను మింగిన దానికి మా అవ్వ కూడా బోనం ఎత్తుకుని వచ్చింది. డప్పులు మోగుతుంటే పెద్దబాపు నా రాయి మీదే కొబ్బరికాయ కొట్టాడు. ఒక వంకాయరంగు మొన విరిగి వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. నా ఒళ్ళు వణకడం మొదలైంది. పళ్ళు టకటకలాడాయి, నోట మాట రాక మూలుగుతూ ఊగిపోయాను. అది పచ్చి కోపం. కానీ డప్పు ముందు ఊగేవాడికి కోపమొచ్చిందని మా ఊళ్ళో ఎవరనుకుంటారు?

"శిగమొచ్చింది! పోరని ఒంట్లకు అమ్మ వచ్చింది!" అని ఎవరో కేక పెట్టారు. డప్పు జోరందుకుంది. నెత్తిన పసుపునీళ్ళు కుమ్మరించారు. చెంప వాయించిన అవ్వే నా కాళ్ళ మీద పడింది. అమ్మా లేదు, బొమ్మా లేదు, నేను నేనే అని చెప్పబోయేంతలో బాపమ్మ జనాన్ని తోసుకొచ్చి నా చేతులు పట్టుకుంది. పట్టుకున్న చోట గట్టిగా గిచ్చింది.

"ఎందుకే తల్లీ గింత కోపం? నీ జాగ గిదేనా? కాకుంటే యాడనో సెప్పు" అని అడిగింది.

ఆమె కళ్ళలోకి చూశాను. అక్కడ భక్తి ఏమీ లేదు.

గొంతు దాకా వచ్చిన "నా రాయి" అనే మాటను మింగేశాను. "గిది నా జాగ కాదు! తుమ్మచెట్టు కాడ వెట్టుండ్రి!" అని అరిచాను.

"జర ఆగుండ్రి, పోరడేదో..." అని పెద్దబాపు అనబోతే, "అమ్మ మాట్లాడంగ అడ్డమొస్తవేందే?" అని జనమే కసిరారు. కలలోని అమ్మను ఊరితో నమ్మించినవాడు, కళ్ళ ముందు ఊగే అమ్మను కాదనలేకపోయాడు.

రాయి మళ్ళీ నాది కాలేదు. చేను మాదైంది. ఆ తర్వాత ఎన్ని గుట్టలు తిరిగి ఎన్ని రాళ్ళు పోగేశానో, కరీంనగర్‌లో మా ఇంటి బీరువా తలుపులు మూతపడకపోవడం చూస్తే తెలుస్తుంది. కోపం మాత్రం ఇప్పటికీ అంతే వస్తుంది. వచ్చినప్పుడల్లా బాపమ్మ గిచ్చిన చోటు ఒకసారి తడుముకుంటాను. ఎంత గట్టిగా అరవాలన్నది కాదు, ఏమడగాలన్నది ముందు తేల్చుకుంటాను.

అయితే ఆ రోజు ఆమె అడగనిది ఒకటి నేనే చెప్పాను. జాగ చెప్పగానే ఇక చాలన్నట్టు బాపమ్మ నా చేతులు వదిలేసింది. నాకు చాలలేదు. ఇంకాస్త ఊగి, "పెద్దోడే మొయ్యాలె! నెత్తి మీద! ఎవ్వలు సాయం వట్టద్దు!" అన్నాను. రాత్రి వాన పడి రేగడి బంకలా ఉంది. పెద్దబాపు నా రాయిని నెత్తికెత్తుకుని, పిక్కల దాకా దిగబడుతూ, తాను విత్తిన జొన్నను తానే తొక్కుకుంటూ తుమ్మచెట్టు దాకా నడిచాడు. అమ్మ పూనినవాడి కంటే ముందు ఎవరూ నడవకూడదు కదా. నేను ముందు నడిచాను, కావాలనే మెల్లగా.