కూసే బెల్టుకు ఇప్పనూనె

ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు గానీ, ఆ రోజుల్లో మా ఇంట్లో చప్పుడు చేసే ప్రతిదానికీ నూనె పూసేవాళ్ళం. సరిహద్దు ఊరు కొంటాలో మాది నూనెల దుకాణం. షట్టరు కిర్రుమంటే ఇప్పనూనె, కుట్టుమిషను కీచుమంటే కొబ్బరినూనె, నానమ్మ మోకాళ్ళు కటకటమంటే ఆముదం. ఏడ్చే పిల్లల మాడుకు కూడా నూనె అద్దేవాళ్ళు (నా చిన్నప్పటి ఫొటోలన్నీ జిడ్డోడుతూ ఉండటానికి కారణం అదే). అలాంటి ఇంటికి నాన్న ఒక పాత కారు కొని తెచ్చాడు. స్టీరింగు పట్టుకుంటే ఆయనకు చేతులు వణుకుతాయి, అక్కకేమో ఓపిక లేదు. అందుకని నేనే నేర్చుకొని ఇంటికి డ్రైవరునయ్యాను. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి మెకానిక్కుని కూడా అయిపోయాననుకున్నాను.

అప్పటికి మా ఇంటిల్లిపాదికీ ఉన్న పెద్ద బెంగ అక్క పెళ్ళి. కారణం అక్క నోరు. చెడ్డమాట అనదు, ఉన్నది ఉన్నట్టు అనేస్తుంది, అదే తంటా. చూడ్డానికి వచ్చినవాళ్ళు వంకాయకూర లొట్టలేసుకుంటూ తిని అమ్మాయి వంటను మెచ్చుకుంటే, "నేను వండలే, పక్కింటి అత్త వండింది" అంది. వాళ్ళు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ఇంకొకాయన అబ్బాయి ఎలా ఉన్నాడని అడిగితే "ఫొటోల మంచిగున్నడు" అంది. చివరికి నగర్‌నార్‌లో స్థిరపడ్డ ఆంధ్రా కుటుంబం ఒప్పుకుంది. జగదల్‌పూర్‌లో వాళ్ళ బంధువుల ఇంట్లో తాంబూలాలు. అమ్మ, మామయ్యలు ముందురోజే బస్సులో వెళ్ళారు. కారులో నాన్న, నానమ్మ, అక్క, నేను. బయల్దేరే ముందు నాన్న అక్కకు చేతులు జోడించాడు. "బిడ్డా, తాంబూలాలు అయ్యేదాక నోరు తెరవకు. నీకు దండం పెడ్త."

కారుకు కొన్నాళ్ళుగా ఒక జబ్బు. స్టార్టు చేయగానే బానెట్టు కింద నుంచి కీచుమని కూత, ఏసీ వేస్తే కూత కాస్తా కేక. ఇంజను పక్కన చక్రాల మీద తిరిగే నల్లటి బెల్టే అరుస్తోందని కనిపెట్టింది నేనే. కనిపెట్టి ఊరుకున్నా బాగుండేది. ఆ పొద్దున అందరూ స్నానాల హడావుడిలో ఉండగా గరిటెడు ఇప్పనూనె తెచ్చి బెల్టు పొడుగునా పోశాను. తీరా బయల్దేరితే చప్పుడన్నదే లేదు! పసిపిల్ల నిద్రపోతున్నట్టు ఉంది కారు. అందరి ముఖాల్లో ఏదో గర్వం. నాదంటే సరే, వీళ్ళకెందుకో అర్థం కాలేదు.

సుక్మా దాటాక నానమ్మ గాలి పీల్చి, "ఎవరింట్లనో పూరీలు చేస్తున్నరే" అంది. రెండు వైపులా అడవి. ఇల్లన్నది లేదు. ఆ వాసన మా బానెట్టులోంచే వస్తోందని నాకు అర్థమైంది. అంతలో స్టీరింగు బిగుసుకుంది, బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది, ఇంజను వేడి చూపే ముల్లు పైకి ఎగబాకింది. తోంగ్‌పాల్ చేరేసరికి ఫట్‌మని శబ్దం, బానెట్టులోంచి పొగ. పట్టుబట్టల్లో దిగి రోడ్డు పక్కన నిలబడిపోయాం.

అదృష్టం కొద్దీ ఎదురుగానే గ్యారేజీ. మేస్త్రీ బానెట్టు ఎత్తాడు, బెల్టు తునకను రెండు వేళ్ళతో పైకి తీశాడు. దానినుంచి నూనె కారుతోంది. "యే బెల్ట్ హై కి భజియా?" అని అరిచాడు, ఇది బెల్టా బజ్జీయా అని. ఎవరు పోశారని అడిగాడు. నేను తల దించుకోబోతుండగా అక్క ముందుకొచ్చి "నేను పోసిన. కొంచెమే" అంది. నేను నివ్వెరపోయాను. "నువ్వు గూడనా? నేను పోసిన గద!" అన్నాను. నాన్న గొంతు సవరించుకున్నాడు. "పొద్దుగాల దుకాణం తీసినప్పుడు... నేను గూడ." ముగ్గురం నానమ్మ వైపు తిరిగాం. "శుభమాని పోతున్నం గదా, బొట్టు పెట్టి ఆముదం పోసిన. ఏంది తప్పు?" అంది ఆవిడ. మేస్త్రీ నవ్వు ఆపుకోలేక కింద కూర్చున్నాడు. బెల్టు పని చక్రాలను పట్టుకొని తిప్పడమట, నూనె పోస్తే పట్టు జారి నీళ్ళ పంపూ బ్యాటరీ పనీ ఆగిపోతాయట. అసలు జబ్బల్లా బెల్టు వదులు కావడమే. ఒక్క బోల్టు బిగిస్తే పోయేది! ఆయన చక్రాలను సబ్బుపొడితో కడిగి, కొత్త బెల్టు వేసి, బొటనవేలితో నొక్కి బిగువు చూడసాగాడు.

ముహూర్తం దగ్గరపడుతోంది. నాన్న ఫోను మోగింది. పెళ్ళికొడుకు తండ్రి. నాన్న ఫోను ఎత్తాడు. "రోడ్డు మీద చెట్టు పడ్డదండి, పెద్ద చెట్టు..." అని మొదలుపెట్టాడో లేదో, అక్క ఫోను లాక్కుంది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. "చెట్టు లేదు, ఏం లేదు అంకుల్. బెల్టు కూస్తున్నదని ఒకరికి తెలవకుంట ఒకరం నూనె పోసినం. నానమ్మతో సహా. కాలిపోయింది" అంది. ఈ సంబంధమూ పోయిందనుకున్నాను.   అక్క తడబడి స్పీకరు నొక్కింది. ఇంతలో ఒక ఆడ గొంతు, ఆయన భార్యది. "అమ్మాయ్, ఏం నూనె పోశారు? మా కారూ పొద్దుట్నుంచి ఒకటే కూత. ఈయన కొబ్బరినూనె సీసా పట్టుకొని నిలబడ్డారు!" అక్క రోడ్డంతా అదిరేలా కేక పెట్టింది. "పోయనియ్యకండ్రి! బిగించాలె!" అటువైపు నవ్వులు ఫోను పగిలేటట్టు వినిపించాయి. నవ్వు ఆపుకుంటూ ఆవిడే అంది: "మధ్యాహ్నం ఇంకో ముహూర్తం ఉందిలే, నిదానంగా రండి. ఆ పిల్లని మాత్రం తీసుకురావడం మరిచిపోకండి."

 మేస్త్రీ ఇంజను స్టార్టు చేయించి, కొత్త బెల్టు మీద నీళ్ళు చల్లి, ఇంకా కూస్తుందేమోనని చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు. తాంబూలాలు అయ్యాయి, పెళ్ళీ అయింది. ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికి నిజం కావాలన్నా అక్కనే పిలుస్తారట. అడవి దారిలో కళ్ళు మూసుకొని, నిజం చెప్పినందుకు అక్క బతుకు పాడైపోయిందని వణికిన ఆ డ్రైవరు పిల్లను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. అంత గట్టిగా కళ్ళు మూసుకోవడం వల్ల, నిజం చెబుతున్నప్పుడు అక్క ముఖం ఎలా ఉందో నేను చూడనే లేదు.