రెండో బొట్టు

ఎల్లారెడ్డి చుట్టుపక్కల బోరు మోటారు కాలితే రైతులు మోసుకొచ్చేది రాజలింగు కొట్టుకే. రాగితీగ చుట్టడంలో ఆయన చెయ్యి మంచిదే, కాదనలేం. కానీ ఆ కొట్టు ఇన్నేళ్లు నిలబడింది గడపలో బీడీలు చుట్టుకుంటూ కూర్చునే భార్య భూమక్క నోటివల్ల. నీళ్లు లేని బోరులో మోటారు నడిపి కాల్చుకుని, తప్పంతా తీగ మీదికి నెట్టే రైతులను ఆమె ఒక్క మాటతో కూర్చోబెట్టేది.

2012 వానాకాలంలో రాజలింగుకు కీళ్ల జ్వరం పట్టుకుంది. జ్వరమైతే పోయింది గాని వేళ్లలో పట్టు దాని వెంటే పోయింది. ఆ తర్వాత చుట్టిన మోటార్లు వెళ్లినంత తొందరగా తిరిగొచ్చాయి. కామారెడ్డిలో పెద్ద కొట్టున్న ఒకాయన "వచ్చి నా దగ్గర కూర్చో, చుట్టేవాళ్లు చుడతారు, నువ్వు చూసుకో" అని కబురు పంపాడు. కొట్టు మూసేద్దామన్నాడు రాజలింగు. భూమక్క చుట్టిన బీడీలనే విప్పి మళ్లీ చుట్టింది.

అట్లాంటి రోజుల్లో గాంధారి దిక్కు తండా నుంచి కిషన్‌లాల్ ఆటో దిగాడు. దుబాయిలో పని చేసి వచ్చినవాడు. చంకలో అక్కణ్ణుంచి తెచ్చిన రిమోటు థర్మకోల్ విమానం, తువ్వాలలో చుట్టిన బాతులాగా.

"అన్నా, దీని మోటారు కాలింది, చుట్టియ్యాలె. చిలుకలు జొన్న కంకులన్నీ ఊడ్సుకపోతున్నయి. ఇది మీదికెళ్లి రెండు సుట్లు కొడితే ఒక్కటి నిలవది."

భూమక్క ఆ మోటారును అరచేతిలో పెట్టుకుని చూసింది. ఉసిరికాయంత ఉంది. బోరు మోటారుకైతే లోపలి ఇరుసు తిరుగుతుంది, దీనికి పైడొప్పే తిరుగుతుంది.

"గిది మోటారా కిషన్‌లాలూ, ముక్కుపుల్లా? చిలుకలకు దండం పెట్టినా పోతయి గద!"

"నవ్వకు వదినే. చిలుకలు నీ అసొంటియి, దండాలకు పోవు."

రాజలింగు మాత్రం నవ్వలేదు. భార్యను పక్కకు పిలిచాడు. "గిది నడిసిందా, కొట్టుంటది. నడవలేదా, మూటముల్లె కట్టి కామారెడ్డి పోదాం."

వెంట్రుకంత తీగ. మిషను పెట్టేందుకు వీల్లేదు, వేళ్లతోనే చుట్టాలి. ఆయన రెండు రోజులు దాని మీదే వంగిపోయాడు. భూమక్క అటు చూడనట్టే చూసింది. వార్నీష్ పూసి ఎండలో ఆరబెట్టాక, పరీక్షకని కిరాణా కొట్టు నుంచి కిషన్‌లాల్ తరాజు అడిగి తెచ్చాడు. ఒక పళ్లెంలో చెక్కముక్కకు మోటారు బిగించి, గాలి పైకి కొట్టేటట్టు పంక తగిలించి, రెండు పళ్లేలు సమం చేశాడు. తర్వాత రెండో పళ్లెంలో ముప్పావు కిలో తూకం బాట్లు వేశాడు. మోటారు ఇటు అదిమితే అటు బాట్లు లేవాలి. అవి లేస్తే విమానమూ లేస్తుందన్నాడు.

ఆ కొట్టులో ఏ మోటారుకైనా మొదటి కరెంటు ఇచ్చేముందు భూమక్క పసుపు కుంకుమ పెట్టాల్సిందే. దీనికీ పెట్టింది, ఆ డొప్ప మీద ఒక పక్కన, బోరు మోటారుకు పెట్టినంత దట్టంగా.

కిషన్‌లాల్ రిమోటు తిప్పాడు. మోటారు తిరిగింది గాని తరాజంతా చలిజ్వరం వచ్చినట్టు వణికిపోయింది. బాట్లు దడదడ కొట్టుకున్నాయి. పంక మార్చి మళ్లీ తిప్పారు. వణుకు కొంచెం తగ్గింది, పోలేదు.

"ఇగ సాలు, ఆపు," అన్నాడు రాజలింగు. "నా వేళ్ల వణుకే దాంట్లకు పోయింది." తీగ కోసేందుకు కటింగ్ ప్లేయరు అందుకున్నాడు.

అప్పుడు భూమక్క ఆయన చొక్కా చూసింది. తెల్ల చొక్కా మీద అడ్డంగా పసుపు చుక్కల వరుస. మోటారు మీద తన బొట్టు సగం చెదిరిపోయింది. బొట్టు తగ్గింది, వణుకూ తగ్గింది.

"ఆగు!" అంది. "నీ వేళ్లకేం రోగం లేదు. అది నా బొట్టు మొయ్యలేకపోతున్నది."

"అయితే తుడువు వదినే," అన్నాడు కిషన్‌లాల్.

"పెట్టిన బొట్టు తుడుసుడా? నీ తండాల తుడుస్తరేమో, నా కొట్ల కాదు."

వేలి కొసతో పసుపు తీసింది. మొదటి బొట్టు ఎంత మిగిలిందో అంతే, సరిగ్గా దానికి ఎదురు దిక్కున పెట్టింది. "ఒక్క బుజానికే మూటేస్తే మనిషన్నా వంకరనే నడుస్తడు. దీన్ని ఆరనియ్యి," అని చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

చాయ్ తాగేసరికి బొట్టు ఆరింది. ఈసారి రిమోటు తిప్పితే తేనెటీగ పాటలాంటి సన్నని మోత. పళ్లెం మెల్లగా దిగింది, అటు బాట్లు లేచి అలాగే నిలబడ్డాయి. కిషన్‌లాల్ ఎగిరి గంతేశాడు. రాజలింగు తరాజును చూడలేదు, తన వేళ్లను చూసుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం కామారెడ్డి ఆయన ఫోన్ చేశాడు. భూమక్క ఎత్తింది.

"ఆయనకు తీరదు. చేతుల పనున్నది," అని పెట్టేసింది.

వారం తిరక్కముందే కిషన్‌లాల్ మళ్లీ వచ్చాడు. మోటారు బంగారంలాగా నడుస్తోందట గాని, చిలుకలే దానికి అలవాటుపడ్డాయట.

"దానికి నన్నేం జెయ్యమంటవు తమ్మీ? చిలుకలకు గూడ బొట్టు పెట్టన్నా?" అంది భూమక్క బీడీల చాట ముందుకు లాక్కుంటూ. వెనక రాజలింగు పోచన్న అనే రైతు తెచ్చిన బోరు మోటారు విప్పుతున్నాడు. అది క్వింటాలు పసుపు పూసినా వణికే రకం కాదు. అయినా సాయంత్రం దానికి భూమక్క రెండు బొట్లు పెట్టింది, ఇటొకటి, అటొకటి.