ఎముక పెరిగే మందు

నేను చదివింది నాలుగో తరగతి వరకే. రాయడం ఇదే మొదటిసారి. అక్షరాలు తప్పుతాయేమో, మాట వంకర పోతుందేమో అని బెరుకుగా ఉంది. ముందే క్షమాపణ అడుగుతున్నాను.

బళేపేటలో మాది గాజుల అంగడి. పోయిన వానాకాలం తడిసిన మెట్ల మీద జారిపడి, కుడి కాలు మోకాలి కింద విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. నెలలు గడిచినా ఎముక అతుక్కోలేదు. ఇలాగే వదిలేస్తే రాడ్డు కూడా విరుగుతుందని డాక్టరు చెప్పాడు. మళ్లీ కాలు కోసి, ఎముక విరిగిన సందులో ఒక మందు పెడతాడట. ఎముకను పెరగమని చెప్పే పదార్థం మన ఒంట్లోనే ఉంటుందట. నాకది చాలడం లేదట. అందుకే స్పాంజిలాంటి ముక్కను అందులో తడిపి పెడతారట.

పెరిగే మందు అనగానే నాకు భయమేసింది. అది ఎముక దగ్గరే ఆగుతుందని ఏముంది?

అప్పుడే డాక్టరు అడిగాడు, ఎప్పుడైనా ఒంట్లో గడ్డ లేచిందా అని. పక్కనే మా అత్త కూర్చుని ఉంది. పెళ్లికి ముందు నా రొమ్ములో గడ్డ తీశారు. ఆ సంగతి మా అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు చెబితే అత్త ఏమంటుందో. చెప్పకపోతే ఆ మందు పోయి అక్కడ ఏం పెంచుతుందో. నేల చూస్తూ చెప్పేశాను.

అత్త నా వైపు తిరిగింది. "ఇన్నేండ్లు నాతో ఒక మాటన్నా అనలేదే. నేనేమన్నా నిన్ను మింగేస్తానా?" అంది. తర్వాత డాక్టరుతో, "ఆ మందు పెడితే ఈమెకేమీ కాదు గదప్పా?" అంది.

ఆయన రాస్తున్న పెన్ను కింద పెట్టాడు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. గడ్డ ఎలాంటిదో తెలియకుండా మందు పెట్టనన్నాడు. స్కానింగుకు అత్తే నన్ను ఆటోలో తీసుకుపోయింది. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా నా కాలు ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

అప్పుడు గడ్డ తీసిన పాత ఆసుపత్రిలో కూడా విచారించి, అది చెడ్డ గడ్డ కాదని తేలాకే మందు పెట్టారు. మొన్న ఎక్స్‌రేలో సందు దగ్గర మంచులాగా తెల్లగా కనబడింది. కొత్త ఎముకట. అందరూ సంతోషపడ్డారు. నేను మాత్రం స్నానానికి పోతే కాలు చూసుకోను, ముందు రొమ్ము తడుముకుంటాను. నిన్న అత్త తలుపు బయట నిలబడి, "ఏమన్నా ఉండాదా?" అని మెల్లగా అడిగింది.

"లేదత్తా" అన్నాను. ఆమె నా తువ్వాలు తలుపు మీద వేసి వెళ్లింది.

ఇంతే రాయగలిగాను. తప్పులుంటే మీ ఇంటి మనిషే రాసిందనుకుని మన్నించండి.