ఆమె చచ్చిందా, బతికిందా

మూకీ సినిమాల రీళ్లు దాదాపు ఏవీ మిగల్లేదని ఈ ఉదయం పేపర్లో చదివాను. తొర్రూరులో మా అవ్వకూ, పక్కింటి దర్జీ ఖాసిం తాతకూ నడిచిన జగడం గుర్తొచ్చింది.

"గా పిల్లను నీళ్లల్ల ముంచి సంపిండ్రు. నా కండ్లతోని చూసిన ఖాసిమూ!" అనేది అవ్వ.

"ఝూట్! గామె బతికింది. జర నీ కండ్లు దవాఖానల చూపియ్యి!" అని ఆయన గోడ అవతలి నుంచి అరిచేవాడు.

ఎవరినో నిజంగానే చంపారనీ, తాత అది దాస్తున్నాడనీ భయపడి, ఆయన కుట్టిన చొక్కా తొడుక్కోనని ఏడ్చేవాణ్ణి.

అదొక మాటల్లేని సినిమా అని తర్వాతెప్పుడో నాయిన చెప్పాడు. నీళ్లలోంచి తీసిన పిల్ల కళ్లు మూసుకుని ఉండగానే బొమ్మ అయిపోతుందట. తెర పక్కన నిలబడి ఒకడు కథ చెప్పేవాడట. జనగామ సినిమా డేరాలో అవ్వకు చెప్పినవాడు ఆమెను చంపేశాడు. మానుకోటలో తాతకు చెప్పినవాడు బతికించాడు. ఇద్దరూ చూసింది ఒకే బొమ్మ.

అవ్వ పోయిన రోజు ఖాసిం తాత వచ్చి, ఆమె కాళ్ల దగ్గర నిలబడి కోపంగానే అన్నాడు. "జిద్దు మనిషివి అక్కా. గిప్పుడన్నా ఒప్పుకో, గామె బతికింది."

అవ్వ ఆయనకు జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి.