ఇరవైకి ఒకటి తరుగు

పోయినవి ముందు చెబుతాను. ఇళ్లు నలభై. పందులు పదకొండు. కల్లంలో ఆరబెట్టిన తునికాకు మొత్తం. ఒక మనిషి కుడి కన్ను. నా పళ్లు మూడు. కోళ్ల లెక్క ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు కనుక వేయలేదు.

మా ఊరు గొల్లపల్లి అవతల అడవిలో. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోసి, కట్టలు కట్టి, కల్లంలో వరసకు ఇరవై చొప్పున పేరుస్తాం. ప్రతి వరసలో చివరి కట్టను గుత్తేదారు మనిషి తరుగు కింద తీసుకుంటాడు. దానికి కూలి ఉండదు. ఆ లెక్క రాసేది నేను. ఐదో తరగతితో బడి మానినా, ఫోన్‌లోని ఏఐ ఏజెంటుకు ఒక స్కిల్ నేనే రాసి పెట్టుకున్నాను. పని పద్ధతి ఒకసారి రాసి ఉంచితే మళ్లీ మళ్లీ చెప్పనక్కర్లేదు. నోటితో పేర్లూ లెక్కలూ చెబితే గళ్ల పట్టికగా పేరుస్తుంది. చివరి నియమం: ప్రతి ఇరవయ్యోదీ తరుగు, తీసెయ్యాలి.

ఈసారి తరుగు ఇచ్చేది లేదని ఊరు ఊరంతా కల్లానికి అడ్డం కూర్చుంది. నడి మధ్యాహ్నం రెండు ట్రాక్టర్లలో గుత్తేదారు మనుషులు గొడ్డలి కామలతో దిగారు. మొదటి దెబ్బ నా మూతి మీద పడింది. ఆకుకు నిప్పు పెట్టారు. గాలి ఊరివైపు వీస్తోంది. తాటాకు కప్పులు ఒకదాని వెంట ఒకటి అంటుకున్నాయి. కట్టేసిన పందులు అరిచి అరిచి ఆగిపోయాయి. ఆర్పబోయిన ఒకతన్ని పడేసి ముఖం మీద తొక్కారు. కన్ను అప్పుడే పోయింది. ఊరి చివరింటి అవ్వ మండుతున్న వాసం పీకి వాళ్లలో ఒకడి వీపు మీద వాత పెట్టింది.

కాలిన ఇళ్ల పట్టిక రాసి ఇస్తే, అందులో ఉన్నవాళ్లకే కొత్త ఇల్లు కట్టిస్తామని కోంటా సర్కారు ఆఫీసులో అన్నారు. కాలిన గుంజల మధ్య తిరుగుతూ నలభై ఇళ్లూ ఫోన్‌కు చెప్పాను. గళ్లు అవే కదా అని కల్లం స్కిలే వాడాను. పట్టిక అడుగున ‘తరుగు: 2’ అని అది రాసే ఉంచింది. పొగకు వాచిన కళ్లతో నేను అంతదాకా చదవకుండానే ఆఫీసులో ఇచ్చాను.

ఆఫీసు గోడకు జాబితా అంటించిన రోజు అవ్వ అల్లుడు నన్ను పట్టుకున్నాడు.

"ఏంది కాకా, మా అత్త ఇల్లేది?"

"ఉండాలె. నేనే చెప్పిన."

"ఇరవయ్యోది లేదు, నలభయ్యోది లేదు. మాకే తరుగు తీసినవా? వాళ్లకన్న మంచిగ కోసినవ్!"

చొక్కా పట్టి గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నెత్తురు జాబితా మీద చిందింది. ఇరవయ్యో ఇల్లు కన్ను పోయినవాడిది. అతను పక్కనే నిలబడి చూశాడు, ఆపలేదు. అవ్వే అడ్డం వచ్చింది.

"ఇడువు అల్లుడా. ఆ నోట్లె ఇంకేం పండ్లున్నయని రాలగొడ్తవ్?"

ఆ నియమం కొట్టేసి అక్కడే నలభై ఇళ్ల పట్టిక తీయించి ఇచ్చాను. "సూచీ పైకి పోయింది, బంద్" అన్నాడు గుమాస్తా, జాబితా ఇక మారదని. అల్లుడు బల్ల తన్నాడు. కాపలావాడి లాఠీ అతని మోచేయి విరగ్గొట్టింది.

ముప్పై ఎనిమిది ఇళ్లకు గోడలు లేచాయి. అవ్వ తన ఇంటి బూడిద మీదే ప్లాస్టిక్ పట్టా కట్టుకుని ఉంటోంది. నెలనెలా ఆఫీసుకు పట్టిక పంపుతూనే ఉన్నాను. అందులో రెండే వరసలు. రావలసినవి ఈ రోజుకీ రెండు ఇళ్లు.