ఆరో రంధ్రం

ఈ ఉదయం గోదావరిఖని గ్రౌండులో ఎన్‌సీసీ పిల్లల బూటుపాలిష్ వాసనకు ఆగిపోయాను. మిత్రులారా, ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్ట ముందు మన ఫైరింగు పరీక్ష గుర్తుందా? మన స్క్వాడ్ లీడర్ సుజాత తర్వాత నా భార్య అయింది. ఇప్పుడు ఆమె ఈ లోకంలో లేదు.

ఐదు తూటాలు కాల్చిన సుజాత గురి అట్టకు ఆరు రంధ్రాలు. మనకు ఫైరింగు నేర్పిన ఉస్తాద్ అందులో మంచివి ఐదు లెక్కపెట్టి, ఆమెనే ఢిల్లీ క్యాంపుకు ఎంపిక చేశాడు.

“నడిమిట్లది నాది కాదు ఉస్తాద్. పక్కన పద్మది. దాని అట్టకు నాలుగే ఉన్నయి, చూడుండ్రి,” అంది.

ఆ దెబ్బ పద్మ లెక్కలో చేరి, క్యాంపు పద్మకు వెళ్ళింది.

“ఊకుంటే నువ్వే పోతుంటివి గదనే,” అన్నారు స్నేహితురాళ్ళు.

“పోయినంక ఆడ గా దెబ్బ ఎవలు కొడ్తరే?”

పద్మ బెల్టు బిళ్ళను సుజాతే చింతపండుతో తోమి, మెరిపించి పంపింది. అలాంటి మనిషి పక్కన బతికాను.